హైలాండ్స్‌లో వారం రోజులు: కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మా,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన కథా రెండూ చదివాను. అక్టోబరులో స్కాట్లాండు హైలాండ్స్ కొండల్లోని మోనియాక్ మోర్ అనే రచనా కేంద్రంలో వారం రోజుల కోర్సుకి సీటు వచ్చింది, ఆఫీసులో సెలవు కూడా దొరికింది, తీరా ఇప్పుడు భయమేస్తోంది అని రాశావు. ఏం పట్టుకెళ్ళాలి, అక్కడ ఏం రాయాలి, తెలుగులో రాసేదాన్ని వాళ్ళ మధ్య ఏం చేయను అని అడిగావు. మూడోది పెద్ద ప్రశ్న. మొదటి రెండూ దాంట్లోనే ఉన్నాయి.

ముందు ఆ చోటు సంగతి. ఇన్వర్నెస్ పట్టణం నుంచి పద్నాలుగు మైళ్ళ దూరంలో, లోఖ్ నెస్ అనే సరస్సుకి పై కొండల్లో ఉన్న పాత వ్యవసాయపు ఇల్లు అది. పక్కనే గడ్డిమోపులతో గోడలు కట్టిన స్టూడియో ఉంది. ఒకప్పుడు రచన నేర్పే ఇంగ్లండు సంస్థ ఆర్వన్ ఫౌండేషన్ నడిపిన కేంద్రాల్లో అదీ ఒకటి, ఇప్పుడు విడిగా నడుస్తోంది. ఆర్వన్‌ను ఇద్దరు కవులు 1968లో మొదలుపెట్టారు. వారం రోజులు ఒకే ఇంట్లో ఉండటం, ఇద్దరు రచయితలు నేర్పడం, వచ్చినవాళ్ళే వంతులవారీగా వండుకోవడం, వారం మధ్యలో ఒక అతిథి వచ్చి తన రచన చదవడం, ఆఖరి రాత్రి అందరూ తాము రాసింది చదవడం: ఈ పద్ధతి అక్కణ్ణించి వచ్చిందే. వారమంటే నిజానికి సోమవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దున దాకా. పూర్తి రోజులు నాలుగే.

ఆ నాలుగు రోజుల లెక్క ఇప్పుడే వేసుకో. పొద్దున పది గంటల ప్రాంతం నుంచి ఒంటిగంట దాకా అందరితో కలిసి వర్క్‌షాప్. భోజనమయ్యాక రెండు నుంచి ఐదున్నర దాకా నీ సొంతం. రోజుకి మూడున్నర గంటల చొప్పున పద్నాలుగు గంటలు అనుకుంటావు. అందులో ట్యూటర్లతో విడిగా మాట్లాడే అరగంటలు రెండుంటాయి, వాటి ముందూ వెనకా మనసు కుదుటపడటానికి ఇంకో గంట. ఒకరోజు వంట వంతు. రోజూ గంట నడక. అన్నీ పోను ఏడు గంటలు మిగిలితే అదృష్టం. కొత్తగా రాసేటప్పుడు గంటకి మూడు వందల తెలుగు పదాలు పడితే మంచి వేగం. అంటే రెండు వేల పదాలు. నవల మొదలుపెడతానని వెళ్ళినవాళ్ళు గురువారానికి మొహం వేలాడేసుకుని కూర్చునేది ఈ లెక్క తెలియకే. నీ కథ పద్నాలుగు వందల పదాల దగ్గర ఆగింది. ఇంకో పన్నెండు వందలు రాస్తే పూర్తవుతుంది. ఆ ఏడు గంటలూ దానికే ఇవ్వు. కొండల మీద కొత్త కథ దొరుకుతుందేమోనని ఖాళీ చేతులతో వెళ్ళకు. ఆ చోటు ఇచ్చేది వ్యవధి, నిశ్శబ్దం. కథ నువ్వు పట్టుకెళ్ళాలి.

ఇంకో మాట. అక్కడ కూర్చున్నావు కదా అని అక్కడి గురించే రాయక్కర్లేదు. నీ కథ జనగామలో జరుగుతోంది. తమ్ముడి పెళ్ళికి వెళ్ళలేకపోయిన అక్క ఎడిన్‌బరాలో ఫోను తెరమీద పెళ్ళి చూస్తూ ఉంటుంది. దాన్ని ఇన్వర్నెస్ కొండల్లోకి లాక్కురాకు.

ఇక భాష. ట్యూటర్లకి తెలుగు రాదు. ముందుగా పేజీలు పంపమంటారు, సాధారణంగా పదిహేను వందల ఇంగ్లీషు పదాల లోపు. తెలుగు వెయ్యి పదాలు ఇంగ్లీషులోకి వెళ్తే దాదాపు పదిహేను వందలవుతాయి. "రాకపోయినా" అని మనం ఒక్క మాటలో అనేదానికి వాళ్ళకి నాలుగైదు మాటలు కావాలి. కాబట్టి కథ మొత్తం పంపాలని తాపత్రయపడక వెయ్యి పదాలు ఎంచుకో. మొదటి పేజీ, మధ్యలో నీకు అనుమానమున్న ఒక సన్నివేశం, ఇప్పుడు ఆగిపోయిన చోటు. మధ్యలో ఏం వదిలేశావో రెండు వాక్యాల్లో చెప్పు. చాలు.

అనువాదం నువ్వే చెయ్యి, చేత్తో చెయ్యి. యాప్‌కి ఇస్తే నిమిషంలో అయిపోతుంది, కానీ మన వాక్యంలో కర్త కనిపించనప్పుడు అది ఊహించి ఎవరినో ఒకరిని పెట్టేస్తుంది. "వచ్చింది" అంటే అమ్మాయి వచ్చిందో, కబురు వచ్చిందో, ఏడుపు వచ్చిందో తెలుగు పాఠకుడికి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషు నిన్ను నిలదీసి అడుగుతుంది: ఎవరు? నీ రెండో పేజీలో మూడు చోట్ల ఆ ప్రశ్నకి నీ దగ్గరే జవాబు లేదు. అంటే లోపం తెలుగులోనే ఉందన్నమాట. అనువదించేటప్పుడు ఇలా కాలికి తగిలిన ప్రతి రాయినీ తెలుగు ప్రతిలో గుర్తుపెట్టుకో. అలాగే కొత్త పెళ్ళికూతురు నీ కథలోని అక్క పాత్రని "వదినా, మీరు" అంటుంది, ఆఖరి ఫోనులో "వదినా, నువ్వు" అంటుంది. కథ మొత్తంలో చక్కటి మలుపు అది. ఇంగ్లీషులో రెండూ ఒకటే అయి మలుపు మాయమైపోతుంది. తెలుగులో దాన్ని అలాగే ఉంచు. ఇంగ్లీషు ప్రతిలో మాత్రం ఆ చోట ఇంకేదైనా మారాలి. ఆ అమ్మాయి మొదటిసారి ఫోను తీసినప్పుడు లేచి నిలబడి మాట్లాడిందనుకో, ఆఖరిసారి మంచం మీద పడుకుని మాట్లాడుతుంది. ఇలాంటి మార్పు ఒక్కోసారి తెలుగు ప్రతిలోకి కూడా తిరిగొస్తుంది.

ఇప్పుడు గుమ్మం దగ్గరి సన్నివేశం. పెళ్ళయి కొత్త దంపతులు ఇంటికొచ్చినప్పుడు ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పిస్తుంది. నీ కథలో ఆ ఆడపడుచు ఎడిన్‌బరాలో ఉంది. గుమ్మం ఖాళీగా ఉంది. ఎవరూ ఆపకుండానే వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. తెలుగు పాఠకుడికి ఇంతకంటే చెప్పక్కర్లేదు, గుండె కలుక్కుమంటుంది. ఆ ఆనవాయితీ తెలియని ట్యూటర్‌కి మాత్రం ఇద్దరు మనుషులు ఇంట్లోకి వెళ్ళారు, అంతే. నువ్వు దానికి కింద పాదసూచిక పెట్టావు. తీసెయ్యి. పాదసూచిక చదివిన పాఠకుడికి సమాచారం తెలుస్తుంది, ఖాళీ తెలియదు. దానికి బదులు రెండు పేజీల ముందే ఒక్క వాక్యం వెయ్యి: మేనత్త పెళ్ళికూతురిగా ఉన్నప్పుడో, పక్కింటి పెళ్ళిలోనో ఎవరో ఒక ఆడపడుచు చేతులు రెండూ చాచి గుమ్మానికి అడ్డం నిలబడి, పేరు చెప్పేదాకా కదలనని మంకుపట్టు పట్టిందని. నవ్వుల మధ్య, మామూలుగా. ఆ తర్వాత గుమ్మం ఖాళీగా కనబడితే ఏ దేశపు పాఠకుడైనా ఆగుతాడు. ఈ వాక్యం తెలుగు ప్రతిలో కూడా ఉండాలంటాను. మన పిల్లల్లోనే ఆ వేడుక చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు.

ట్యూటర్‌ని ఏమడగాలో ముందే కాగితం మీద రాసుకో. "బావుందా?" అని అడిగితే "బావుంది" అంటారు, అరగంటా మర్యాదలో గడిచిపోతుంది. మూడే అడుగు. చదువుతూ ఎక్కడ ఆగి వెనక్కి వెళ్ళారు? ఎవరి మాట నమ్మారు, ఎవరిది నమ్మలేదు? ఏ సంగతి ఆలస్యంగా తెలిసిందనిపించింది? ఈ మూడింటికీ భాషతో సంబంధం లేదు, కథ కట్టుబడితోనే ఉంది. నీ తెలుగు వాక్యం గురించి వాళ్ళు ఏమన్నా మర్యాదగా విను, పట్టించుకోకు. వాళ్ళు చూస్తున్నది నీ అనువాదాన్ని. జనగామ యాసలో నీ కథలోని నాయనమ్మ మాట్లాడే మాటల బరువు అక్కడ తూచేవాళ్ళెవరూ ఉండరు. అది మనవాళ్ళకి చూపించాల్సిన పని.

పొద్దుటి వర్క్‌షాపుల్లో పది నిమిషాలు, పదిహేను నిమిషాలు ఏదో ఒకటి రాయమంటారు. తెలుగులోనే రాయి. చుట్టూ అందరూ ఇంగ్లీషులో గబగబా రాస్తుంటే చెయ్యి అటే లాగుతుంది. లాగనివ్వకు. చదవమన్నప్పుడు ముందు రెండు వాక్యాలు తెలుగులో చదివి, తర్వాత సంగతి నోటితో చెప్పు. ఎవరూ ఏమీ అనుకోరు, పైగా శ్రద్ధగా వింటారు. గాలిక్ అనే పాత భాష ఒకప్పుడు ఇంటింటా మాట్లాడిన నేల అది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అంటే ఏమిటో అక్కడివాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ పొద్దుటి ముక్కలకి వేరే నోటుబుక్కు పెట్టు. కథ రాసే పుస్తకంలో కలపకు. వాటిలో నూటికి తొంభై పనికిరావు, పనికిరావాలని అవి రాయించరు కూడా.

తెలుగు టైపింగ్ సంగతి బయల్దేరకముందే తేల్చుకో. కొండల్లో ఫోను సిగ్నల్ మీద, వైఫై మీద ఆధారపడకూడదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసే వెబ్‌సైట్లు నెట్ లేకపోతే పనిచేయవు. లాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డు, ఫోనులో తెలుగు కీబోర్డు ఇంట్లోనే దింపుకుని, వైఫై ఆపేసి ఒక పేరా కొట్టి చూడు. ఆఖరి రోజు అందరి రచనలూ ప్రింటు తీస్తామంటారు. అక్కడి కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేకపోతే నీ పేజీ నిండా డబ్బాలు వస్తాయి, లేదా వత్తులు విడిపోయి పక్కకి పడతాయి. నీ లాప్‌టాప్‌లోనే పీడీఎఫ్ చేసి ఇవ్వు, ఫాంటు దాంట్లోనే ఇమిడి ఉంటుంది. పాత అను ఫాంట్లలో ఏమైనా దాచుకుని ఉంటే యూనికోడ్‌లోకి మార్చుకునే వెళ్ళు.

సామాను గురించి నాలుగు మాటలు. అక్టోబరులో పగలు పన్నెండు పదమూడు డిగ్రీలు, రాత్రి ఐదారు. చలి నిన్నేమీ చేయదు, తడి చేస్తుంది. గొడుగు పట్టుకెళ్ళకు, ఆ గాలికి మొదటి రోజే పువ్వులా వెనక్కి విచ్చుకుంటుంది. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, అలాంటిదే ప్యాంటు. జీన్స్ తడిస్తే రెండు రోజులైనా ఆరవు, కాళ్ళని ఐసులో పెట్టినట్టుంటుంది. లోపల ఉన్ని బట్టలు, రెండు జతల మందపాటి మేజోళ్ళు. బురదలోకి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు ఆ ఇంట్లో ఉంటాయేమో ముందే అడుగు. బయట రాసుకోవడానికి పెన్సిలు పెట్టుకో, 2బి అయితే మంచిది. చెమ్మగిల్లిన కాగితం మీద బాల్‌పెన్ జారిపోతుంది, చలికి ఇంకు కదలదు. పుస్తకం జిప్ కవర్లో పెట్టు. వేళ్ళ చివర్లు బయటికుండే గ్లవుజులు కొనుక్కో.

నువ్వు వెళ్ళేది అక్టోబరు కాబట్టి మిడ్జ్‌ల బాధ తప్పింది. ఒకటి రెండు మిల్లీమీటర్లుండే దోమలాంటి పురుగులవి. మే ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా గాలి లేని తేమ సాయంత్రాల్లో మబ్బులా కమ్ముకుంటాయి. గంటకి ఏడు మైళ్ళ గాలి వీస్తే ఎగరలేవు. వేసవిలో వెళ్ళే నీ స్నేహితురాలికి ఈ ముక్క చెప్పు: తలకి వల టోపీ, కూర్చోవడానికి గాలి తగిలే మిట్ట. అలాగే జూన్‌లో రాత్రి పదిన్నరకి కూడా వెలుగుంటుంది, నిద్ర పట్టదు, కళ్ళకి పట్టీ తీసుకెళ్ళమను. పిడుదులు మాత్రం అక్టోబరులోనూ ఉంటాయి. ఎర్రబారిన బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లోంచి నడిచొచ్చాక మోకాళ్ళ వెనక, నడుము దగ్గర, చంకల్లో చూసుకో. అంటుకుంటే నూనె పూయడం, అగ్గిపుల్ల పెట్టడం చేయకు. అందుకోసమే చిన్న కొక్కెం అమ్ముతారు, చర్మానికి ఆనించి మెల్లగా పీకెయ్యాలి. తర్వాత వారాల్లో అక్కడ ఎర్రటి వలయం కనబడితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. లైమ్ జబ్బు లక్షణం అది.

నేను ఎక్కువసేపు నిలబడదలుచుకున్న చోటికి వచ్చాను. చూడటం, చూసినదానికి మాట వెతుక్కోవడం.

ఆ నేల మీద వాన రకరకాలుగా పడుతుంది. ఒంటి మీద పడుతున్నట్టు తెలియకుండానే తడిపేసేదాన్ని స్కాట్స్ భాషలో స్మిర్ అంటారు. రోజంతా బూడిదరంగు ఆకాశం, చలి, తడి, దిగులు కలిసి ఉంటే డ్రీక్ అంటారు. ఇవి విని ముచ్చటపడి కథలో అలాగే దించేస్తారు కొందరు. మనకి తుంపర ఉంది, ముసురు ఉంది, జల్లు ఉంది, జడివాన ఉంది, కుండపోత ఉంది. మూడు రోజులు వదలని ముసురులో ఇంటి గోడలు ఎలా చెమ్మగిల్లుతాయో తెలిసినవాడికి డ్రీక్ కొత్తేమీ కాదు. ముందు మన మాటల్లో ఏది సరిపోతుందో పెట్టి చూడు. ఎక్కడ సరిపోదో అక్కడ ఆగు, అసలు పని అక్కడ మొదలవుతుంది.

మంచు అనే మాట తీసుకో. ఆకాశం నుంచి రాలే తెల్లటి దూది మంచే. పొద్దున గడ్డి మీద గరుకుగా పేరుకునేదీ మంచే. గుంటలో నీళ్ళు గట్టిపడినదీ మంచే, దారి కనబడనీయని పొగా మంచే. "మంచు కురుస్తోంది" అని నువ్వు రాస్తే జనగామలో చదివే మనిషికి సంక్రాంతి పొద్దుటి పొగమంచు కనబడుతుంది. తప్పు అతనిది కాదు. హిమమనో తుషారమనో సంస్కృతం మాట తెచ్చిపెడితే పద్యంలా వినబడుతుంది తప్ప దృశ్యం కట్టదు. ఒంటికి తగిలేది రాయి. చీలమండ దాకా కాలు దిగితే ఒక మంచు. కాలు జారితే ఇంకొకటి. గోటితో గీస్తే పొడి రాలితే మరొకటి. పది అడుగుల అవతల గొర్రె అరుపు వినబడి గొర్రె కనబడకపోతే అది వేరే. మాట ఒకటే అయినా పాఠకుడు పొరబడడు.

రంగుల సంగతి ఇంకా ముచ్చటైనది. కెయిర్న్‌గార్మ్ అనే పర్వతం పేరులో 'గోర్మ్' అనే గాలిక్ మాట ఉంది. నీలం అని అర్థం. అదే మాట పచ్చగడ్డి రంగుకీ వాడతారు. మనకిది వింతేమీ కాదు. పచ్చ అంటే ఆకు రంగూ, పసుపు రంగూ రెండూను. పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. ఆ పర్వతశ్రేణిని గాలిక్‌లో అసలు పిలిచే పేరుకి అర్థం ఎర్ర కొండలు. చూసే చోటు మారితే, వేళ మారితే కొండ రంగు మారుతుంది. పేరు పెట్టినవాళ్ళు చూసిన వేళ అందులో నిలిచిపోయింది. అక్కడున్నన్నాళ్ళూ మ్యాపులో కనబడే పేర్లకి అర్థాలు అడుగు. బెన్ అంటే కొండ, డూ అంటే నలుపు, మోర్ అంటే పెద్దది, ఇన్వర్ అంటే నది కలిసే చోటు. మన ఊళ్ళ పేర్లలో పాడు, కుంట, గూడెం, వాగు ఉన్నట్టే.

మొదటి రోజే ఒక చోటు ఎంచుకో, ఇంటికి ఐదు నిమిషాల నడకలో. బురదనేల అంచు అయితే మంచిది. రోజూ ఇరవై నిమిషాలు అక్కడే కూర్చో, మంగళవారం పొద్దున అయితే బుధవారం చీకటి పడేముందు. మొదటి రెండు రోజులూ ఒక నిషేధం పెట్టుకో: "లా", "వలె", "అన్నట్టు" రాయకూడదు. పోలిక లేకుండా ఉన్నదేదో రాయాలి. నీ కథ మొదటి పేరాలో "ప్రకృతికాంత మంచుచీర కట్టుకుని పరవశిస్తోంది" అనే వాక్యముంది చూడు, ఈ నిషేధం కింద అది నిలవదు. దాని స్థానంలో ఇలాంటిదేదో రావచ్చు: "కంచె తీగకి కింద నీటిచుక్కలు వరసగా ఉన్నాయి. గాలి వచ్చింది. మధ్యవి రెండు కలిసి పడ్డాయి." ఇది గొప్ప వాక్యమనను. చూసిన మనిషి రాసిన వాక్యం, అంతవరకు చెప్పగలను.

అక్కడ కూర్చుంటే కాళ్ళ దగ్గర ఏముందో చెబుతాను. లేత ఆకుపచ్చ, అక్కడక్కడా ఎర్రబారిన మెత్తటి నాచు. స్ఫాగ్నమ్ అంటారు. గుప్పెడు తీసి పిండితే ఉతికిన తువ్వాలు పిండినట్టు నీళ్ళు కారతాయి. మొదటి ప్రపంచయుద్ధంలో దూదికి కరువొస్తే ఈ నాచుని ఎండబెట్టి సైనికుల గాయాలకి కట్టారు. కింద చచ్చిన నాచు నీళ్ళలో కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుని నల్లటి మట్టవుతుంది. దాన్నే పీట్ అంటారు. ఇటుకల్లా కోసి ఆరబెట్టి పొయ్యిలో కాలుస్తారు. ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే వాగు కోసేసిన గట్టు నీ నడుమెత్తున కనబడితే, అడుగున ఉన్న పొర వెయ్యేళ్ళ కిందటిది. ఈ లెక్క తెలిశాక ఆ గట్టు గురించి విశేషణాలు వెయ్యబుద్ధి కాదు.

ఇంకో సంగతి మరీ మరీ చెప్పాలి. ఆ లోయలు చూసి "నిర్మానుష్యం", "మనిషి అడుగుపెట్టని ప్రకృతి" అని రాయకు. అబద్ధమవుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా భూస్వాములు గొర్రెల మేపు కోసం అక్కడి గాలిక్ రైతుల్ని ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేయించారు. సదర్లాండ్‌లో స్ట్రాత్‌నేవర్ లోయని 1814లో, 1819లో ఖాళీ చేయించినప్పుడు ఇళ్ళకి నిప్పు పెట్టారు. వెళ్ళినవాళ్ళు సముద్రపు ఒడ్డుకి, కొందరు కెనడాకి చేరారు. నువ్వు చూసే నిశ్శబ్దంలో చాలా భాగం మనుషులు చేసినది. గుర్తులు పట్టడం కష్టం కాదు. గోధుమరంగు గడ్డి మధ్య ఒక్క చోట మాత్రం పచ్చగా ఉంటే అక్కడికి వెళ్ళి చూడు. మోకాలెత్తు రాళ్ళ వరస, మూలలు గుండ్రంగా, నలుచదరపు ఆకారం. మనుషులూ పశువులూ ఉన్న మట్టి బలం వల్ల దురదగొండి లాంటి నెటిల్ మొక్కలు గుంపుగా పెరిగి ఉంటాయి. గుమ్మం ఉండాల్సిన చోట పక్కనే ఒక రోవన్ చెట్టు, ఎర్రటి కాయల గుత్తులతో. ఇంటికి చెడు రాకుండా గుమ్మం దగ్గర ఆ చెట్టు నాటుకునేవారు. ఇల్లు పోయినా చెట్టు ఉంటుంది. శ్రీశైలం జలాశయంలో నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడటం చూసిన తెలుగువాళ్ళకి ఆ రాళ్ళ ముందు ఎలా నిలబడాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ రాళ్ళు తీసి జేబులో వేసుకోకు, గోడల మీద ఎక్కి కూర్చోకు.

నడక విషయంలో భయం వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. స్కాట్లాండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా ఉన్నంతవరకు చాలా నేల మీద ఎవరైనా నడవచ్చు. గేటు మూసి ఉంటే దాటాక మూసెయ్యి, తెరిచి ఉంటే తెరిచే ఉంచు. అక్టోబరులో జింకల వేట జరుగుతుంటుంది, ఏ వైపు వెళ్ళకూడదో ఇంట్లో అడుగు. అదే నెలలో మగ జింకలు జత కోసం బొంగురుగా అరుస్తాయి, చీకట్లో మొదటిసారి వింటే ఎద్దు గొంతు పట్టేసినట్టుంటుంది, కంగారుపడకు. ఎంతసేపు పడుతుందో లెక్క కట్టడానికి 1892లో నెయిస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రముంది: ఐదు కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్లకి ఇంకో గంట. హెదర్ పొదల్లో, బురదలో అయితే దానికి రెట్టింపు వేసుకో. అక్టోబరు మధ్యలో ఆరు దాటగానే సూర్యుడు పోతాడు, ఆ తర్వాత అరగంటకి పైగా మునిమాపు వెలుగుంటుంది. ఐదుకల్లా ఇంట్లో ఉండేలా తిరుగు. ఎటు వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో చెప్పి వెళ్ళు. తల దీపం, ఈల జేబులో ఉండాలి. "రిజిస్టర్" అనే ఇంగ్లీషు మాట 999కి మెసేజ్ పెట్టి ముందే నమోదు చేసుకుంటే, మాట వెళ్ళనంత తక్కువ సిగ్నల్లోనూ సాయం కోసం మెసేజ్ పంపొచ్చు. ఇది ఈ రాత్రే చెయ్యి.

వంట వంతు అంటే బెంబేలు పడకు. ముగ్గురు నలుగురు కలిసి పదహారు పదిహేడు మందికి వండాలి. సరుకులూ, చేసే విధానమూ మామూలుగా వాళ్ళే ఇస్తారు. శాకాహారివని ఫారంలోనే రాయి. మన పప్పు చేస్తానంటే సంతోషిస్తారు: పదహారు మందికి కిలో కందిపప్పు, కిలోంపావు బియ్యం. మిరపకాయలు నాలుగు చాలు, నీ వంతుకి విడిగా కారప్పొడి డబ్బా దాచుకో. ఒక్క జాగ్రత్త. కొట్లో దొరికే పొడి ఇంగువలో సాధారణంగా గోధుమపిండి కలుపుతారు. గ్లూటెన్ పడనివాళ్ళు ఎవరైనా ఉంటే పోపులో చిటికెడు ఇంగువ వాళ్ళని రెండు రోజులు మంచాన పడేస్తుంది. వేరుశనగ సంగతీ అంతే, అడిగి వెయ్యి.

బుధవారం మనసు కుంగుతుంది. దాదాపు అందరికీ కుంగుతుంది. రెండు రాత్రులు ఆలస్యంగా పడుకుని ఉంటారు, ట్యూటర్ మాటలు అప్పుడే చెవిన పడి ఉంటాయి, పక్కవాళ్ళు చదివింది నీదానికంటే బావున్నట్టుంటుంది. అది అలసట, దాన్ని తీర్పు అనుకోకు. ఆ రోజు కొత్త పేజీ మొదలుపెట్టకు, ఉన్నది కొట్టెయ్యకు. రాసినదాన్ని అక్షరం మార్చకుండా చేత్తో శుభ్రంగా తిరగరాయి. ఒక గంట పని. తిరగరాస్తుంటే ఎక్కడ చెయ్యి విసుక్కుంటుందో ఆ వాక్యాలు నీకే తెలుస్తాయి. ట్యూటర్ చెప్పిన మార్పులు కూడా ఆ రోజు చేయకు, రాసిపెట్టుకుని గురువారం చూడు.

శుక్రవారం రాత్రి చదవడానికి మూడు నాలుగు నిమిషాలిస్తారు. నిదానంగా చదివితే ఇంగ్లీషులో నాలుగు వందల పదాలు దాటవు. మొదటి అర నిమిషం తెలుగులో చదువు. నాయనమ్మ మాట్లాడే నాలుగు మాటలు, అది చాలు. వాళ్ళు ఆ గొంతు విన్నాక ఇంగ్లీషు మొదలుపెట్టు. ముందుగా కథ గురించి వివరణ ఇవ్వకు, క్షమాపణ అసలే చెప్పకు. గుమ్మం సన్నివేశమే చదువు.

ఇన్వర్నెస్ నుంచి ఎడిన్‌బరాకి రైలు మూడున్నర గంటలు. శనివారం ఆ ప్రయాణంలో ఫోను తీయకుండా, కథలో ఇంకా ఏమేం మిగిలాయో ఒక కాగితం మీద రాసుకో. సోమవారం ఆఫీసు మొదలైతే అవన్నీ మరిచిపోతావు.

వెళ్ళేముందు చేయాల్సింది ఒకటే. ఆ వెయ్యి పదాలు ఎంచుకుని, అనువాదం చేసి, తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చే ఆదివారం లోపు నాకు పంపు. "వచ్చింది"లు మూడూ సరిచేసే పంపు. పాదసూచిక మాత్రం ఉండకూడదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు